రంగం నిండిందా?

విద్యార్థుల సినిమాలకు మార్కులు వేసే కాగితం ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. కథకు ఇన్ని, కెమెరాకు ఇన్ని, ఎడిటింగుకు ఇన్ని, శబ్దానికి ఇన్ని. చూసినవాళ్లకు ఏమైంది అన్న గడి మాత్రం ఉండదు. భరతుడి చేతికిస్తే ఆ కాగితం చూసి నవ్వేవాడు. నాట్యశాస్త్రంలో సిద్ధి గురించిన అధ్యాయం మొత్తం ఆ లేని గడి మీదే నడుస్తుంది. ప్రదర్శన ఫలించిందా లేదా అన్నది వేదిక వైపు చూసి కాదు, జనం వైపు చూసి తేల్చమంటాడాయన. చిరునవ్వు నవ్వారా, పగలబడి నవ్వారా, 'సాధు' అన్నారా, 'అహో' అన్నారా, 'అయ్యో' అన్నారా, ఒళ్లు గగుర్పొడిచిందా, కూర్చున్నచోటు నుంచి లేచారా, పట్టలేక పైబట్టో వేలి ఉంగరమో తీసి విసిరారా. ఇదంతా మానుషీ సిద్ధి. దీనికి పైమెట్టు దైవీ సిద్ధి. చప్పుడు ఉండదు, అలజడి ఉండదు, ఏ ఉత్పాతమూ ఉండదు, రంగం మాత్రం నిండుగా ఉంటుంది.

నేను అలంకారశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. సినిమా విభాగం పిల్లలకు రసం గురించి నాలుగు మాటలు చెప్పమని ఇప్పటికీ పిలుస్తుంటారు. ఆ చనువుతోనే 2020 డిసెంబరులో వాళ్ల చిత్రోత్సవం జ్యూరీలో కూర్చోబెట్టారు. కూర్చోవడమంటే మా ఇంట్లో, మా డైనింగ్ టేబుల్ దగ్గరే. హాస్టళ్లు మూతపడ్డాయి, పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు, హైదరాబాద్‌లో సినిమా హాళ్లు సగం సీట్లతో అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. పెద్దవాళ్లే ఇంటర్నెట్‌లోకి వెళ్లిన ఏడాది అది. ఆ మే నెలాఖరులో ట్రైబెకా వాళ్లు దేశదేశాల చిత్రోత్సవాలను కలుపుకుని 'వి ఆర్ వన్' పేరుతో యూట్యూబ్‌లో పది రోజులు సినిమాలు వేశారు. మన ధర్మశాల చిత్రోత్సవం కూడా ఆ ఏడు ఆన్‌లైన్లోనే జరిగింది. ఆడిటోరియంలో ఫ్యాన్ల రొద మధ్య, వెనక వరసల ఈలల మధ్య జరిగే మా పిల్లల పండగ కూడా ఫోన్లలోకి సర్దుకుంది. ఏర్పాటు చాలా మామూలుది. ఒక వీడియో మీటింగు, అందులోనే వరసగా సినిమాలు, ఒక్కో సినిమా అయ్యాక తీసినవాళ్లతో కాసేపు మాటామంతీ.

అందులో ఒకటి కోరుట్ల దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాడు పంపినది. తొమ్మిది నిమిషాలు. వాళ్లమ్మ బీడీలు చుడుతుంటుంది. ముఖం కనపడదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, ఒక పక్కన తంబాకు. రేకుముక్కను ఆకు మీద పెట్టి దాని కొలతకు కత్తిరించడం, తంబాకు పరచడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. ఆవిడ వెనక బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్లో కొడుకు ఆన్‌లైన్ క్లాసు వినపడుతుంటుంది. మేష్టారెవరో ఐసెన్‌స్టైన్ గురించి, మాంటేజ్ గురించి చెబుతున్నారు. ఒక షాటు పక్కన ఇంకో షాటు పెడితే మూడో అర్థం ఎలా పుడుతుందో వివరిస్తున్నారు. ఇటు కత్తెర చప్పుడు. మొత్తం తొమ్మిది నిమిషాల్లో సినిమాలో ఒక్క కట్ లేదు, ఆవిడ కత్తెర మాత్రం ఆగదు. చివర్లో ఇరవై అయిదు బీడీలు కలిపి ఒక కట్ట కట్టి పక్కన పెడుతుంది. ఫోన్లో మేష్టారు, "డౌట్లేమైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. అక్కడ తెర నల్లబడుతుంది.

సినిమా అయ్యాక మీటింగులో ఎవ్వరూ మాట్లాడలేదు. పేర్లు రాసిన నల్లటి గళ్లు, వాటి మూలన ఎర్రటి మైకు గుర్తులు. ఆ నిశ్శబ్దం సాగుతూనే ఉంది. చివరికి ఆ అబ్బాయే గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీరు క్లాసులో చెప్పిన దైవీ సిద్ధి ఇదేనా? లేక అందరూ చాయ్ తాగడానికి లేచిపోయారా?"

అందరం నవ్వాం. నవ్వామని నాకెలా తెలుసు? తెలియదు. నేను నవ్వాను. మిగిలినవాళ్లు మ్యూట్‌లో ఉన్నారు.

ఆ మ్యూట్ పెట్టింది మేమే. మొదటి సినిమా నడుస్తుండగా ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది, ఇంకెవరింట్లోనో పిల్లాడు ఏడ్చాడు. నిర్వాహకులు అందరి మైకులూ కట్టేశారు. ప్రదర్శనకు విఘ్నాలు కొత్త కాదు. మొట్టమొదటి నాటకమే విఘ్నాల పాలైందని నాట్యశాస్త్రం చెబుతుంది. తమ ఓటమిని తమ కళ్లెదుట ఆడుతుంటే ఓర్వలేని అసురులు మాయ చేసి నటుల మాటనూ కదలికనూ జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారట. నెట్‌వర్క్ పోయినప్పుడు తెరమీది మనిషి నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోవడం చూస్తే నాకు ఆ కథే గుర్తొస్తుంది. ఇంద్రుడు ధ్వజం కర్ర తీసుకుని వాళ్లను చితక్కొట్టాడు. ఆ తరువాతే బ్రహ్మ విశ్వకర్మను పిలిచి నాట్యగృహం కట్టమన్నాడు. నాలుగు గోడలు పుట్టింది రక్షణ కోసం. గాలి, వాన, ఏనుగు, పాము, చివరికి చీమలను కూడా భరతుడు విఘ్నాల జాబితాలో వేశాడు. గిట్టనివాళ్లు విసిరే పేడముద్దలను కూడా మరిచిపోలేదు. కానీ వీటికి భయపడి జనం నోరు కట్టెయ్యమని ఆయన ఎక్కడా అనలేదు. నవ్వు, 'అహో', 'అయ్యో' అన్నీ కుక్కరు కూత వచ్చిన దారినే రావాలి. మేం ఆ దారి మూశాం. అలజడి పోయింది, దాంతోపాటే మానుషీ సిద్ధికి ఉన్న గుర్తులన్నీ పోయాయి. మిగిలింది మౌనం. అది నిండిన మౌనమో ఖాళీ మౌనమో తెలుసుకునే ఉపాయం ఆ అబ్బాయికి లేదు. నిజానికి నాకూ లేదు.

ఇలాంటప్పుడు మన దగ్గర తయారుగా ఒక జవాబు ఉంటుంది. ఫలం మీద ఆశ పెట్టుకోకు, పని చెయ్యడం వరకే నీది అని గీత పేరు చెప్పి పంపించెయ్యవచ్చు. జ్యూరీలో ఒక పెద్దాయన ఆ మాటే అన్నారు. నాకు సరిగ్గా తోచలేదు. బహుమతి ఫలం, మార్కు ఫలం, పేరు ఫలం. వాటి మీద ఆశ వదులుకోమనవచ్చు. కానీ ఆ అబ్బాయి అడిగింది వాటి గురించి కాదు. ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. రసం పుట్టేది ప్రేక్షకుడిలోనని మా శాస్త్రం నొక్కి చెబుతుంది. నటుడు దాన్ని అందించే పాత్ర మాత్రమే. అలాంటప్పుడు చూసేవాడి స్పందన పని అయిపోయాక దొరికే కూలి కాదు, ఆ పనిలోనే సగం. సగం పని జరిగిందో లేదో తెలుసుకోవాలనుకోవడం ఫలాపేక్ష ఎలా అవుతుంది?

రెండో జవాబు ఇంకా గడుసుది. చూసేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు, సాక్షి. ఒకే చెట్టు మీద రెండు పక్షులు, ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంటుంది అని ముండకోపనిషత్తు చెప్పిన ఆ రెండో పక్షి. వేదాంతం చదువుకున్నవాళ్లకు ఇది ప్రాణంతో సమానమైన మాట. నాకూ అంతే. అయితే సాక్షికి ఉన్న గొప్పతనమంతా అంటకపోవడంలో ఉంది. సుఖం వచ్చినా దుఃఖం వచ్చినా సాక్షి చలించడు. భరతుడు అడిగే ప్రేక్షకుడు దీనికి పూర్తిగా ఎదురు. పాత్ర సంతోషిస్తే తానూ సంతోషించాలి, ఏడిస్తే ఏడవాలి, భయపడితే భయపడాలి. అలాంటివాడే ఉత్తమ ప్రేక్షకుడని ఆయన నిర్వచనం. మోక్షానికి సాక్షి కావాలి. సినిమాకు సాక్షి చాలడు.

మరి ఆన్‌లైన్లో మనకు దొరుకుతున్నది ఎవరు? వీడియో కింద ఒక అంకె ఉంటుంది, ఇంతమంది చూశారని. ఆ అంకె ఏమీ అనదు, దేనికీ చలించదు, బీడీల తల్లి వేళ్లనూ పెళ్లి ఊరేగింపునూ ఒకే కంటితో చూస్తుంది. సాక్షిలో ఉన్న తాటస్థ్యం దానికి వచ్చింది, ఎరుక మాత్రం రాలేదు. ఉపనిషత్తులో రెండో పక్షి ఏమీ తినకపోయినా పక్కనున్న పక్షిని చూస్తూనే ఉంటుంది. అంకె చూడను కూడా చూడదు, లెక్క పెడుతుంది. పిల్లలు తెల్లవార్లూ ఆ అంకెను మళ్లీ మళ్లీ తెరిచి చూసుకోవడం వెనక ఆశ కంటే ఒంటరితనమే ఎక్కువని నా అనుమానం.

కేరళలో పాలక్కాడు వైపు భద్రకాళి గుళ్ల ముందు తోల్పావకూత్తు ఆడతారు. మన తోలుబొమ్మలాటకు దాయాది. తెర వెనక కొబ్బరిచిప్పల్లో దీపాలు వరసగా వెలుగుతుంటాయి, కంబ రామాయణం పద్యాలు చదువుతూ, వాటికి అర్థం చెబుతూ, వాదించుకుంటూ రాత్రుళ్ల తరబడి నడుపుతారు. ఏడు రాత్రులు, పద్నాలుగు, ఇరవై ఒకటి, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కూత్తుమాడం అనే ఆ వేదికను గుడికి ఎదురుగానే కడతారు. దానికొక కథ ఉంది. రామరావణ యుద్ధం జరుగుతున్నప్పుడు భద్రకాళి దారికుడనే అసురుడితో పోరులో ఉండిపోయింది. ఆ యుద్ధం చూడలేకపోయానే అని ఆవిడ బాధపడితే, శివుడి ఆజ్ఞ మీద ఆవిడ కోసం ఏటా ఈ ఆట ఆడుతున్నారని నమ్మకం. కొన్ని రాత్రులు ఎదురుగా ఒక్క మనిషి కూడా ఉండడు. ఆట ఆగదు. పద్యం తగ్గించరు, అర్థం దాటేయరు. చూడవలసిన ఆవిడ చూస్తోంది.

ఆ అబ్బాయికి ఇది చెబుదామని నాకు చాలా బలంగా అనిపించింది. సినిమా తీసేవాడికి ఇంతకంటే మంచి ధైర్యం దొరకదు. ఎవరూ లేరన్న భయంతో చేసిన పనికీ, ఒకరు చూస్తున్నారన్న నమ్మకంతో చేసిన పనికీ తేడా పనిలోనే తెలుస్తుంది. కట్ లేకుండా తొమ్మిది నిమిషాలు అమ్మ చేతులను పట్టుకోగలిగాడంటే ఆ నమ్మకం అతనిలో ఎక్కడో ఉందనే అర్థం. కానీ అందులో ఒక మోసానికి చోటుంది. దేవత చూస్తోందన్న మాట ఆడేవాడు అనుకోవాలి. చూడవలసినవాళ్లు, ఏర్పాటు చెయ్యవలసినవాళ్లు అనకూడదు. కూత్తుమాడం ముందు జనం లేకపోవడం ఆ కళాకారుల శ్రద్ధకు గొప్ప నిదర్శనం. అదే లేకపోవడం ఆ ఊరి శ్రద్ధకు నిదర్శనం కాదు. అందుకే ఆ రోజు మీటింగులో ఈ కథ చెప్పకుండా ఆపుకున్నాను. ప్రేక్షకుల బాకీని దేవత ఖాతాలో రాసినట్టు అవుతుందని భయం వేసింది.

చూసేవాళ్ల సంగతి వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు ఆలోచించాడు. నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసింది ఆయనే. అయితే నాకు ఎప్పుడూ గుర్తుండే మాట ఆ వ్యాఖ్యానంలోది కాదు, తంత్రాలోకంలోది. అందరిలో ఉన్న చైతన్యం ఒక్కటే, దేహాలు వేరు కావడం వల్ల అది ముడుచుకుని ఉంటుంది అంటాడు. పాట, ఆట చూడటానికి నలుగురు చేరినప్పుడు, అందరూ అందులో లీనమైనప్పుడు, ఒకరి చైతన్యం మరొకరిలో అద్దాల్లో పడ్డట్టు ప్రతిఫలించి, శ్రమ లేకుండానే విప్పారుతుందట. ఒక్కడు లీనం కాకుండా కూర్చున్నా సరే, ఎత్తుపల్లాల నేల తగిలినట్టుగా మిగిలినవాళ్ల చైతన్యం మళ్లీ ముడుచుకుంటుందట. ఫస్ట్ డే ఫస్ట్ షో చూసిన ఏ తెలుగువాడికీ దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పక్కసీటువాడు పదేపదే ఫోన్ వెలిగిస్తే మనసు ఎలా చివుక్కుమంటుందో కూడా అందరికీ తెలుసు.

ఇక్కడ నాకొక చిక్కు ఎదురైంది. చైతన్యం ఒక్కటే అయితే దానికి దూరమేమిటి? కోరుట్లలో ఒకరు, శ్రీకాకుళంలో ఒకరు, హైదరాబాద్‌లో డైనింగ్ టేబుల్ దగ్గర నేను. దేహాలు దగ్గరగా ఉంటేనే అద్దాలు పనిచేస్తాయంటే ఆ చైతన్యం కుర్చీల వరసకు లోబడినట్టే కదా? అభినవుడి లెక్క ప్రకారం అడ్డుపడేది దూరం కాదని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. పక్కన చూస్తున్నవాళ్లు ఉన్నారన్న ఎరుక లేకపోవడమే అడ్డు. రసానికి ఆయన చెప్పిన ఏడు విఘ్నాల్లో ఒకటి, ఎవడి సొంత సుఖదుఃఖాల్లో వాడు చిక్కుకుపోవడం. అద్దానికి ఎదురుగా ఇంకో అద్దం లేకపోతే అందులో పడేది మన బొమ్మ ఒక్కటే. 2020లో ఇంటింటా భయం, చావుకబుర్లు. ఒంటరిగా ఫోన్ పట్టుకున్నవాడికి బీడీల తల్లి బదులు తన తల్లి ఆక్సిజన్ అంకె కనపడటంలో వింత లేదు.

దూరం అడ్డు కాదని నాకు నేర్పింది మా అమ్మ. ఆ ఏడు ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో ఏటా కల్యాణం జరిగే మిథిలా స్టేడియం ఖాళీగా ఉంది. భక్తులను రానివ్వకుండా గుడి లోపలే కల్యాణం చేశారు, టీవీలో చూపించారు. అమ్మ పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, పసుపు కలిపిన అక్షతలు పళ్లెంలో పెట్టుకుని టీవీ ముందు పీట వేసుకుంది. మా తమ్ముడి కొడుక్కి అదే వేళకు ఆఫీసు మీటింగు. "నానమ్మా, యూట్యూబ్‌లో ఉంటుంది, సాయంత్రం అందరం కలిసి చూద్దాంలే," అన్నాడు. అమ్మ తల తిప్పకుండా, "సాయంత్రానికి పెళ్లి అయిపోతుందిరా," అంది. అభిజిల్లగ్నంలో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి అక్షతలు వేసింది, ఫోన్ మోగితే కట్ చేసింది.

ఆ తరానికి అది కొత్త కాదు. ఉషశ్రీ గొంతులో ఆకాశవాణి ప్రత్యక్ష వ్యాఖ్యానం వింటూ, కంటికేమీ కనపడకుండానే కల్యాణం చేయించుకున్నవాళ్లు వాళ్లు. చోటు వదులుకున్నారు గాని వేళ వదులుకోలేదు. ఆ క్షణంలో ఊరూరా ఇంకెందరో ఇదే వింటున్నారన్న ఎరుక వాళ్లకు ఉంది. ఉత్సవానికి స్థలం లేకపోయినా జరుగుతుంది, కాలం లేకపోతే జరగదు.

మరుసటి ఏడాది ఉత్సవం గురించి కమిటీ కూర్చున్నప్పుడు నేను పట్టుబట్టింది దీనికోసమే. లింకులు వారం రోజులు తెరిచి ఉంచుదాం, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూసుకుంటారని చాలామంది అన్నారు. వాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. రోజుకు ఒకటిన్నర జీబీతో సరిపెట్టుకునే పిల్లలు ఉన్నారు, పగలు పొలం పనికి వెళ్లేవాళ్లు ఉన్నారు, సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాళ్లు ఉన్నారు. చిన్న తెరను నేను తీసిపారేయను కూడా. మనుషుల నాటకానికి అరవై నాలుగు మూరల మధ్యరకం నాట్యగృహమే మంచిదని, అంతకు మించితే మాట వినపడదని, ముఖంలోని భావం కనపడదని భరతుడే అన్నాడు. ఆ లెక్కన లాప్‌టాప్‌లో ముఖం ఏ హాల్లోకంటే దగ్గర. చివరికి ఒప్పందం ఏమిటంటే, ప్రతి సినిమాకూ ఒక వేళ ఉంటుంది. ఆ వేళకు రాలేనివాళ్లకు మర్నాడు లింకు ఉంటుంది. వీలైనంతవరకు ఎవరూ ఒంటరిగా చూడకూడదు, ఇంట్లోవాళ్లనో పక్కింటివాళ్లనో పోగు చెయ్యాలి. సినిమా అయ్యాక అందరి మైకులూ తెరవాలి, కుక్కరు కూసినా సరే.

ఇందులో చివరి రెండు షరతులు నా బుర్రలోవి కావు. బీడీల సినిమా కుర్రాడి దగ్గర నేర్చుకున్నవి. ఉత్సవం అయిన కొన్నాళ్లకు అతను ఫోన్ చేశాడు. వాళ్లమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్తుంటే వెంట వెళ్లి, అక్కడ వరసలో ఉన్న ఆడవాళ్లకు ఫోన్లో సినిమా చూపించాడట. ఒక ఫోను, దానిమీద అయిదారు తలలు. రెండు నిమిషాలు కాకముందే ఒకామె, "ఆకు మంచిగ నానలే. అంచులు పలుగుతున్నయ్ జూడు," అందట. ఇంకొకామె వాళ్లమ్మ దారం కట్టే వేగం చూసి, "కెమెరా ఉందని ఉరుకుతుంది," అని నవ్విందట. మాంటేజ్ మేష్టారు డౌట్లున్నాయా అని అడిగినచోట, "ఉన్నయ్ సారూ, కట్టకెంత ఇస్తరు?" అని ఎవరో అంటే వరస మొత్తం నవ్విందట. వాళ్లమ్మ మాత్రం చివరి దాకా తన చేతులనే చూసుకుంటూ నిలబడిందట.

భరతుడు ప్రాశ్నికులని ఒక జాబితా ఇచ్చాడు. ప్రదర్శన మీద తగువొస్తే తీర్పు చెప్పేవాళ్లు. అందులో యజ్ఞం తెలిసినవాడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు ఉన్నారు. విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, రాజోద్యోగి కూడా ఉన్నారు. ఎవరి విద్య వేదిక మీదికి వస్తే వాళ్లే దానికి న్యాయమూర్తులు. ఆ లెక్కన బీడీల సినిమాకు ప్రాశ్నికులు కార్ఖానా వరసలో ఉన్నారు, మా మీటింగులో కాదు. ఆకు నానలేదన్న సంగతి మా జ్యూరీలో ఒక్కరికీ తట్టలేదు. భరతుడు చెప్పిన మానుషీ సిద్ధి గుర్తుల్లో ఎన్నో ఆ అయిదారు తలల మధ్య కనిపించాయి. అడిగితే నేను దాన్నే నిండిన రంగం అంటాను. ఎందుకంటే అక్కడ ప్రతి మనిషికీ తన పక్క మనిషి చూస్తోందని తెలుసు.

కాబట్టి ఆ అబ్బాయికి నా జవాబు ఇది. ఆ రోజు నువ్వు విన్నది దైవీ సిద్ధి కాదు నాయనా. దానికి కావలసినవాటిలో నిశ్శబ్దం ఒకటే ఉంది, రంగం నిండలేదు. కానీ రంగం నింపడం నీ పని కాదు. నువ్వు ఎవరో చూస్తున్నారన్న నమ్మకంతో తీశావు, నీ వంతు అక్కడితో చెల్లింది. చెప్పిన వేళకు రావడం, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం, తెర నల్లబడ్డాక మనకేమైందో నోరు తెరిచి చెప్పడం మా వంతు. భద్రకాళి రాత్రంతా చూసి మాట్లాడకుండా ఊరుకోవచ్చు, ఆవిడకు చెల్లుతుంది. మాకు చెల్లదు.